గేటు అవతలి సంగతులు అడిగే కాక

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌ పేటలో దర్జీ కొట్టు ముందు బండి ఆపుకొని కూర్చున్నప్పుడు కబురు వచ్చింది. అబూ సమ్రా దగ్గర మా యజమాని ఒంటెల దొడ్డిలో పనిచేసే సూడాన్ ఆయన ఫోన్ చేసి, కాక పోయాడని చెప్పాడు. ఒంటెలకు నీళ్ళు పెట్టి, చాయ్ కాచుకొని, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట. చాయ్ తాగాడా అని అడిగాను. సగం తాగాడన్నాడు.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది రాజోలు దగ్గర. మావైపు అయితే బాబాయ్ అనేవాణ్ణి. కానీ ఆ దొడ్డిలో లారీ డ్రైవర్ల నుంచి యజమాని పిల్లల దాకా అందరికీ ఆయన కాకే. నేను ఇంటి డ్రైవర్ని. చలికాలమంతా శుక్రవారం శుక్రవారం ఆ కుటుంబాన్ని దోహా నుంచి దొడ్డికి తీసుకెళ్తాను. సౌదీ సరిహద్దు గేటు అక్కడికి కూతవేటు దూరం. వెళ్ళిన మొదటి రోజే కాక నన్ను అడిగాడు.

"ఆ గేటు దాటినవా ఎన్నడన్న? అవుతల ఎట్లుంటది?"

దాటలేదన్నాను.

"మరి బండి నడుపుడు ఎందుకు నేర్చినవ్ అల్లుడా?"

ఆయనకు ఆ ప్రశ్న తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. అటునుంచి వచ్చే లారీ డ్రైవర్లను నీళ్ళిచ్చి మరీ అడిగేవాడు. వాళ్ళకు సౌదీ అంటే ఎండలో కదలని క్యూ. మా యజమాని పిల్లలకు షాపింగ్. యజమాని తల్లిని ఇంట్లో అందరం మామా అంటాం. ఆవిడకు అది పుట్టిల్లు, హఫూఫ్‌లో అన్నదమ్ముల ఖర్జూర తోటలున్నాయి. అక్కడి ఖర్జూరం ఇక్కడ నాటినా ఆ తీపి రాదని కాకతో వాదించేది. ఆయన వచ్చీరాని అరబీలో, నీళ్ళు వేరా, మట్టి వేరా అని తిరిగి అడిగేవాడు. ఆవిడ విసుక్కునేది, మళ్ళీ వారం తనే ఇంకో సంగతి మోసుకొచ్చేది.

ఈ కుతూహలం వెనక ఒక మనిషి ఉన్నాడు. కాక తమ్ముడు హఫూఫ్ తోటల్లోనే పని చేస్తాడు. గేటు నుంచి రెండు గంటల దారి. అయినా అన్నదమ్ములు మొహాలు చూసుకొని పద్నాలుగేళ్ళయింది. ఒకరికి సెలవు దొరికి ఊరికి పోయిన ఏడు ఇంకొకరికి దొరకదు. ఊళ్ళోవాళ్ళకు ఖతరైనా సౌదీ అయినా అంతా దుబాయే. "ఇద్దరు దుబాయ్‌లనే ఉండి కలుసుకుంటలేరంటే ఏం పంచాయితీ పడ్డరో" అని అనుకునేవారట. కాక ఇది చెప్పి నవ్వేవాడు.

దొడ్డి వెనక ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని మీదికెక్కితే ఫోన్‌కు సౌదీ టవర్ అందుతుంది. తమ్ముడు అక్కడి సిమ్ ఒకటి లారీలో పంపించాడు. శుక్రవారం పని అయ్యాక కాక చిన్న ఫోన్‌లో ఆ సిమ్ వేసుకొని దిబ్బ ఎక్కేవాడు. సౌదీలో ఉన్న మనిషి సౌదీలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు లోకల్ కాల్. నేను కూడా ఎక్కి పక్కన కూర్చునేవాణ్ణి. ఇంటి సంగతులు రెండు ముక్కల్లో అయిపోయేవి. మిగతాదంతా విచారణే.

"మీ దిక్కు మబ్బున్నదారా? ఈడికి వస్తున్నది. మీరు కురిపించుకొని వట్టిది పంపుతున్నరు."

సరిహద్దును ఆయన దేశాల సంగతిగా ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో తనకూ తమ్ముడికీ పంచిన పొలం మధ్య ఒడ్డు ఉంది కదా, అదీ ఇదీ ఒకటే అనేవాడు. "ఒడ్డు మీద నిలబడి అవుతలోని చేను చూడకుంటె వాడు రైతు ఎట్లైతడు?"

నడుమ రెండు దేశాలకూ చెడి, మూడున్నరేళ్ళు ఆ గేటు మూశారు. అటు మేతకు వెళ్ళిన ఒంటెలను వెనక్కి తోలేశారు. మామా గదిలోంచి బయటికి రాలేదు, పుట్టింటి పెళ్ళి ఒకటి ఫోన్‌లో చూసింది. కాక మాత్రం వచ్చిన ఒంటెల పేడ విరిచి చూస్తూ కూర్చున్నాడు. అటు గడ్డి బాగుందని, వాన పడి ఉంటుందని చెప్పాడు. నాకు చిరాకేసింది. తమ్ముడి దగ్గరికి దారి మూసుకుపోతే ఈయనకు పేడ కావాలా అనుకున్నాను. నా తెలివి అంతే ఉండేది.

గేటు తెరిచాక మామా పుట్టింటికి బయల్దేరింది. కొడుకుతో చెప్పి కాకకు కూడా వీసా తీయించింది. ఆయన గడ్డం గీయించుకొని, దోహాలో ఏషియన్ టౌన్ బజారులో కొన్న కొత్త చొక్కా వేసుకొని సిద్ధంగా ఉంటాడనుకున్నాను. వెళ్ళేసరికి ఆ చొక్కాతోనే ఒక ఆడ ఒంటె పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. తొలి చూలు, పిల్ల అడ్డం తిరిగింది. సూడాన్ ఆయనకు అప్పటికి ఆ పని చేతకాదు.

"మీరు పోండ్రి, యల్లా. ఇది ఆగదు. తమ్ముడు ఏడికి పోతడు?"

మామా కూడా బతిమాలింది. వినలేదు. ఒంటె బతికింది, పిల్ల బతికింది. మామాకు ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులొచ్చి ప్రయాణాలు మానేసింది. కాక వీసా గడువు తీరింది. దొడ్డికి వెళ్తే ఆ ఒంటె ఇప్పటికీ ఎదురొస్తుంది. దానికి నేను ఒక్కసారి కూడా మేత పెట్టలేదు.

మామాను తీసుకెళ్ళిన ఆ రోజు హఫూఫ్‌లో తోట గేటు దగ్గర కాక తమ్ముడు నిలబడి ఉన్నాడు. నేను దిగకముందే వెనక సీట్లోకి వంగి చూశాడు. సంగతి చెప్పాను. తలూపి, నన్ను అడిగాడు.

"మీ ఖతర్ ఎట్లుంటది అన్నా? మా అన్న ఉండేకాడ చెట్లున్నయా?"

చెట్లు లేవని చెప్పలేకపోయాను. ఉన్నాయన్నాను.

కాక శవాన్ని పంపించేటప్పుడు మా యజమాని తోడుగా నాకు కూడా టికెట్ తీశాడు. కాగితాలకు నాలుగు రోజులు పట్టింది. రెండు గంటల దూరంలో ఉన్న తమ్ముడు ఇటు రాలేక, దమ్మామ్ నుంచి విమానమెక్కి హైదరాబాద్ చేరాడు. మేము శంషాబాద్‌లో దిగేసరికి సరుకుల గేటు బయట అంబులెన్స్ పక్కన నిలబడి ఉన్నాడు. పెట్టెను లోపలికి ఎక్కించారు. అది మేకులు కొట్టిన పెట్టె, అన్ని వైపులా ఒకేలా ఉంది. తమ్ముడు దాని చుట్టూ చూసి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"అన్నా, తల ఏ దిక్కున్నది?"

దోహాలో మూత వేసేటప్పుడు నేను దగ్గరే ఉన్నాను. చూపించాను. చెప్పులు బయట విడిచి లోపలికెక్కి, ఆ పక్కకు జరిగి కింద కూర్చున్నాడు. జగిత్యాల వెళ్ళేదాకా రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ పెట్టెను ఆ చివర రెండు చేతులతో ఎత్తిపట్టి ఉంచాడు.