ఇరవయ్యో కుట్టు

చెయ్యి పడిపోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది రాగి సంగటి. ఆసుపత్రి మంచం మీద కుడిచెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉంటే, ఇంక బతికినన్నాళ్లూ చెంచాతో తినాలా అని దిగులు పట్టుకుంది. అన్నమైతే చెంచాతో ఎలాగో తినొచ్చు. సంగటిని చెంచాతో తినే మనిషిని మా అనంతపురం జిల్లాలో నేను చూడలేదు. వేడి ముద్దను వేళ్లతో తుంచి, పులుసులో అద్ది, నమలకుండా మింగాలి. ఎడమచేత్తో తినడానికి మనసొప్పలేదు. దాంతో బుక్కరాయసముద్రంలోని మా ఇంట్లో, ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నాకు, పూటపూటకూ నా భార్య ముద్దలు చేసి నోట్లో పెట్టడం మొదలైంది.

డాక్టరు మొహమాటం లేని మనిషి. "ఆరు నెలల్లో ఎంత దారికొస్తే అంత. ఆ తర్వాత వచ్చేది తక్కువ. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టే పని ఏదో ఒకటి చెయ్యండి సార్" అని పంపించాడు. మూడు నెలలకు కాలు నిలబడింది, మోచెయ్యి వంగింది, మణికట్టు తిరిగింది. వేళ్లు మాత్రం రాలేదు. మిగిలింది ఇంకో మూడు నెలలు.

అప్పటికి ఎండాకాలం ముదిరింది. మా బావమరిది ముదిగుబ్బ దగ్గర సేద్యం చేస్తాడు. ఏటా విత్తనానికని రెండు మూటల శెనక్కాయలు అక్క దగ్గరికి పంపిస్తాడు, మిషను కొట్టిస్తే గింజ పగులుతుందని అతని భయం. నా భార్య వసారాలో చేట ముందు పెట్టుకుని కూర్చుని వాటిని చేత్తో వలుస్తుంది. డాక్టరు చెప్పిన పని ఇదే కదా అని నేనూ చేట పక్కన చేరాను. కాయ చిట్లింది, గింజ రెండుగా విరిగింది. ఇంకోటి ఎర్రపొర ఊడి బోడిగా బయటికొచ్చింది. పొర లేచిన గింజ మొలవదు. పది కాయలయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమయ్యా, ఇట్ల వలిస్తే మా తమ్ముని చేన్లో మొలిచేది గడ్డే. నువ్వు లెయ్ ఈడ్నించి."

పక్కింటామె అక్కడే కూర్చుని ఉంది. మాకంటే పదిహేనేళ్లు చిన్నది, ఆదివారాలు చర్చి అయ్యాక ఆడపిల్లలకు ఊలు అల్లడం నేర్పుతుంది, తీరినప్పుడు మా ఇంటికొచ్చి నా భార్యతో కాయలు వలుస్తుంది. ఆమె నావైపు చూసి, "సార్, మీరు అల్లిక నేర్చుకోండి. అల్లింది తప్పైతే ఊడదీస్తాం. పగిలిన గింజని ఏం చేస్తాం?" అన్నది.

"నన్ను లేసులు అల్లమంటావా తల్లీ?" అన్నాను. నాకు కోపమే వచ్చింది. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఎస్సైలయ్యారు, ఇంజనీర్లయ్యారు. వాళ్లెవరైనా దారిలో పోతూ చూస్తే?

నా భార్య తలెత్తకుండానే అందుకుంది. "మడకశిర తట్టు గొర్రెలు కాసేవోళ్లు మొగోళ్లు కారా? నడస్తా నడస్తా ఉన్ని వడుకుతారు. వాళ్ల మీసాలేమన్నా రాలిపోయినాయా?"

మరునాడు పక్కింటామె కొక్కెం ఉన్న సూది, పచ్చ ఊలు ఉండ తెచ్చింది. సూది నా వేళ్లలోంచి మూడుసార్లు జారి కింద పడింది. ఆమె మా పాత సైకిల్ ట్యూబు ముక్కొకటి కోసి సూది పిడికి చుట్టి, లావుగా చేసి ఇచ్చింది. ఇంక జారలేదు.

మొదటిది గొలుసు. సూది మీద ఒక ఉచ్చు ఉంటుంది. దారాన్ని కొక్కేనికి తగిలించి ఆ ఉచ్చులోంచి లాగితే ఇంకో ఉచ్చు వస్తుంది. అంతే, అదే గొలుసు. చెప్పినంత సేపు పట్టలేదు ఆమె అల్లి చూపించడానికి. నేను లాగితే పాత ఉచ్చూ కొత్త ఉచ్చూ కలిసి ఊడి చేతిలోకొచ్చాయి. ఒకసారి బిగిసిపోయి సూది లోపలికే దిగలేదు. ఇంకోసారి నా వేలు కూడా గొలుసులో చిక్కుకుంది. వారం రోజులకు మూరెడు గొలుసు అయింది. అందులో ఏ రెండు ఉచ్చులూ ఒక్క సైజులో లేవు.

తర్వాత సింగిల్ కుట్టు. గొలుసు మీద ఉన్న కన్నంలో సూది దించి, దారం లాగి, సూది మీదున్న రెంటినీ కలిపి ఒకటి చెయ్యాలి. ఏ కన్నంలో దించాలి? నాకు ఒక్కో ఉచ్చుకు మూడు కన్నాలు కనిపించేవి. పైన రెండు పోగుల కింద దించమంటుంది ఆమె. ఆ రెండు పోగులు ఒక్కోచోట ఒకటే కనిపించేది, ఒక్కోచోట నాలుగు కనిపించేవి. వెనక్కి తిప్పితే ముందువైపు ఏదో వెనకవైపు ఏదో తెలిసేది కాదు. బ్లాక్‌బోర్డు మీద ఎంత చిక్కులెక్కైనా విప్పి చూపించినవాణ్ణి, అరచేతిలో పట్టే గుడ్డముక్క ముందు బిత్తరపోయి కూర్చునేవాణ్ణి.

ఆమె చెప్పిన పాఠం మాత్రం తేలికైనదే. "ఇరవై కుట్లు సార్. వరస అయిపోయినాక తిప్పుకోండి. తిప్పుకున్నాక ఒక గొలుసు వెయ్యాల. అది ఎత్తు కోసరమే, లెక్కలోకి రాదు. మళ్లా కింద వరసలో ఎన్నుంటే అన్ని." అలా ఇరవై వరసలు వేస్తే చెంబు కింద పెట్టుకునే చదరం గుడ్డ వస్తుందట. ఇంత చెప్పి, కూతురి కాన్పుకని మూడు వారాలు ఊరికి పోయింది.

వేళ్ల మీద ధ్యాస పెడితే లెక్క పోయేది, లెక్క మీద పెడితే వేళ్లు ఆగిపోయేవి. "లెక్క నేను చెప్తాలే, నువ్వు ఎయ్యి" అన్నది నా భార్య. ఆమె చేతులు కాయలు వలుస్తుంటే కళ్లు నా సూది మీద ఉండేవి. సూది కదిలినప్పుడల్లా గట్టిగా చెప్పేది. ఆమె కళ్లం లెక్క చెప్పేది. మా వైపు కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, శుభమని లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు అని పోతుంది లెక్క. వాళ్ల నాయన ఊరందరికీ కొలిచి పెట్టినవాడు. ఆమె కోడిగుడ్లు లెక్కపెట్టినా లాభంతోనే మొదలుపెడుతుంది. నలభై ఏళ్లుగా వింటున్నాను కనక నా చెవికి అది ఎక్కను కూడా ఎక్కలేదు. కింది వరసలో ఉన్నన్ని అయ్యాక ఆమె ఆపేది, నేను తిప్పుకునేవాణ్ణి.

చదరం రాలేదు. కింద వెడల్పుగా మొదలైంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ వచ్చి, చివరికి సమోసా అయి కూర్చుంది. సరిగ్గా లాగలేదేమోనని ఇంకోటి వేశాను. అదీ సమోసానే. వదులుగా వేసి చూశాను, బిగించి చూశాను. ఊలు మార్చాను. ఒక్కో వరస చివర ఒక కుట్టు మిగిలినట్టుండేది. లెక్క అయిపోయింది కదా, ఇది అంచు కాబోలు అనుకునేవాణ్ణి. నేనే కూర్చుని లెక్కపెడితే ఒకసారి పదిహేడు, ఇంకోసారి పంతొమ్మిది వచ్చేవి. అంచును కుట్టు కింద వెయ్యాలో, కుట్టును అంచు కింద వదిలెయ్యాలో తెలియక తల దిమ్మెక్కేది.

ఫోను తీసి వీడియోలు చూశాను. అది ఇంకా మోసం. ఒకామె సింగిల్ అన్నదాన్నే ఇంకొకామె డబుల్ అంటుంది. ఇద్దరి చేతులూ ఒకే పని చేస్తున్నాయి, ఇద్దరూ నవ్వుతూ చెప్తున్నారు. ఎవరి మాట వినాలి? ఇంట్లో సమోసాలు తొమ్మిదయ్యాయి. నా భార్య వాటిని రెండేసి కలిపి పొయ్యి మీద గిన్నె దించడానికి వాడుకుంటోంది. అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. డాక్టరు చెప్పిన గడువులో నెలన్నర ఇట్టే కరిగిపోయింది.

పదోది కూడా సన్నబడుతున్నప్పుడు నాకు తిక్క రేగింది. "ఇరవై దాకా లెక్క చెప్పడం కూడా రాదా నీకు? కాయలు చూస్తున్నావో, సూది చూస్తున్నావో!" అని అరిచి అల్లిక విసిరికొట్టాను. అది పోయి చేటకు తగిలింది. వలిచిన గింజలు వసారా అంతా దొర్లిపోయాయి. ఆమె మోకాళ్ల మీద వంగి ఒక్కో గింజా ఏరుకుంది. నేను వంగి ఏరలేను, ఏరినా నా వేళ్లకు గింజ దొరకదు. మధ్యాహ్నం మామూలుగానే వచ్చి సంగటి ముద్దలు నోట్లో పెట్టింది. మాట లేదు. మూతి తుడిచి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగడం మాత్రం నోటికి రాలేదు, ముప్పై ఏళ్లు అయ్యవారిగా బతికిన దోషం.

పక్కింటామె ఊరినుంచి వచ్చింది. తొమ్మిది సమోసాలూ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా ముందర ఒక వరస ఎయ్యండి సార్. అక్కా, నువ్వు రోజూ చెప్పినట్లే చెప్పు."

నేను తిప్పుకుని గొలుసు వేశాను. "లాభం" అన్నది నా భార్య. మొదటి కుట్టు వేశాను. "రెండు" అన్నది.

"ఆగండాగండి" అని పక్కింటామె చెయ్యి అడ్డం పెట్టింది. "అక్క లాభం అన్నప్పుడు మీరేసింది ఏంది సార్?"

"గొలుసు."

"అది లెక్కలోకి రాదని చెప్పినా గదా! లాభంలో ఒకటి పోతాండాది. కింద ఇరవై ఉంటే మీరు ఏసేది పంతొమ్మిదే. మళ్లా వరసలో పంతొమ్మిదికి పద్దెనిమిది."

ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది. దీన్ని అంకశ్రేఢి అంటారని, పదానికి ఒకటి తగ్గుతుందని ఎన్ని వందలమంది పిల్లల చేత వల్లె వేయించానో. అది నా ఒళ్లోనే తొమ్మిదిసార్లు పుట్టి పెరిగితే గుర్తుపట్టలేకపోయాను. నవ్వు రాలేదు. తప్పు నా భార్యదా నాదా అని కూడా తేల్చుకోలేకపోయాను. ఆమె సూది కదిలితే చెప్పింది, నేను ఆమె ఆపితే ఆపాను. మొదటి గొలుసు సంగతి ఆమెకు చెప్పాలని నాకు తోచనే లేదు.

"సరే, ఇంకమీద మొదటి కుట్టుకు ఒకటీ అను" అన్నాను మెల్లగా.

"అన్ను" అన్నది నా భార్య.

"ఎందుకనవు?"

అన్ని రోజుల తర్వాత నా ముఖంలోకి చూసి మాట్లాడింది. "కొలత కాడ ఒకటీ అని మా నాయన యాన్నాడూ అన్లేదు. ఊళ్లో గింజలు కొలిచేదానికే లాభం అంటిమి. నీ చెయ్యి రావాల్సిన కాడ లాభం ఇడిసిపెట్టి ఒకటీ అంటానా నేను? నువ్వు తిట్టినా అన్ను, కొట్టినా అన్ను."

అప్పుడు నాకు తెలిసింది, ఆమె ఇన్నాళ్లూ లెక్కపెట్టింది కుట్లు కాదని. తల వంచుకుని ఊలు ఉండ సర్దుకుంటున్నట్టు నటించాను.

పక్కింటామే దారి చూపించింది. "గొలుసుకు ఒక పేరు పెట్టుకో అక్కా. మేమైతే ప్రభువా అంటాం. నువ్వు స్వామీ అను. ఆ తర్వాత లాభం అను." అలాగే మొదలైంది. స్వామీ, లాభం, రెండు, మూడు. ఇరవై వరసలకు నాలుగు మూలలూ ఉన్న గుడ్డ వచ్చింది. అంచులు కాస్త వంకరే, అయినా చదరమే. నా భార్య దాన్ని గిన్నె దించడానికి ఇవ్వమంటే ఇవ్వలేదు.

అక్కణ్ణించి అలంకారాలు. ఒకే కన్నంలో అయిదు డబుల్ కుట్లు, అంటే సింగిల్ కన్నా పొడుగువి, వేస్తే విసనకర్రలా విచ్చుకుంటుంది, దాన్ని షెల్ అంటారట. అయిదు వేశాక రెండు కన్నాలు వదలాలి, మళ్లీ ఒక సింగిల్, మళ్లీ రెండు వదలాలి. వదిలేవాటినీ వేసేవాటినీ నేను మొదటి వారమంతా తారుమారు చేశాను. నాది ముడుచుకుని కాలీఫ్లవర్ అయింది. ఆ తర్వాతది పాప్‌కార్న్ కుట్టు. "బొరుగుల మాదిరుండాయి" అని నా భార్యకు అది బాగా నచ్చింది. అయిదు కుట్లు వేసి, సూదిని ఉచ్చులోంచి పూర్తిగా బయటికి తీసేసి, మొదటి కుట్టులో దించి, వదిలేసిన ఉచ్చును మళ్లీ పట్టుకుని లాగాలి. ఆ ఉచ్చు జారిందంటే అయిదూ ఊడిపోతాయి. అందరూ ఎడమచేత్తో పట్టుకుంటారట. పక్కింటామె నన్ను సూది ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తోనే ఉచ్చు పట్టమన్నది. రోజుకు ముప్పైసార్లు ఊడేది. ఎందుకు ఊడుతోందో, ఎప్పుడు నిలుస్తుందో ఏమీ అర్థమయ్యేది కాదు. నిలిచిన రోజు కూడా ఎందుకు నిలిచిందో అర్థం కాలేదు. చూసుకుంటే బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో పచ్చటి ఉచ్చు ఉంది. భయంతో ఊపిరి బిగబట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరు నెలలు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మధ్యాహ్నం ఆమె పొయ్యి మీదనుంచి సంగటి దించి, నా కంచంలో ముద్ద పెట్టి, పులుసు పోసి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. ముద్ద తుంచి నా నోటి దాకా తెచ్చింది. నేను నోరు తెరవలేదు. కుడిచెయ్యి కంచంలో పెట్టాను. మొదటి ముద్ద పులుసులోనే జారిపోయింది. రెండోది పంచె మీద పడింది. మూడోది సగం గడ్డానికి అంటుకుని, సగం నోట్లోకి పోయింది. మింగాను.

ఆమె చెయ్యి నా నోటి ముందర అలాగే ఆగిపోయింది. నా వేళ్లను చూస్తోంది, నా గొంతును చూస్తోంది. చేతిలో ఉన్న ముద్దను ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

"నువ్వు తిను" అన్నాను.

ఆ ముద్దను తన నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని ఉలిక్కిపడింది. "అబ్బా, కాల్తాండాదే" అన్నది, ఆ సంగతే మరిచిపోయినదానిలా.

అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. నాకు తినిపించి, మూతి తుడిచి, పడుకోబెట్టి, ఆ తర్వాత కదా ఆమె తినడానికి కూర్చునేది. చల్లారితే సంగటి రాయి అవుతుంది, గొంతులోకి దిగదు. ఇన్ని నెలలూ పూటపూటకూ ఆమె తిన్నది అదే. పక్క గదిలోనే పడుకుని ఉండి కూడా, ఆమె ఏం తింటోందో నేను ఒక్కసారీ అడగలేదు. లేచి ఇంకో కంచం తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చోమన్నాను. గిన్నెలో ఉన్న మిగతా సంగటి ఆమె కంచంలో పెట్టుకుంది, అందులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.