ఉచ్చీరమ్మ కాలు

సుధకు రెండేళ్లుగా హైదరాబాదులో ఈగల పని. పండ్ల మీద వాలే చిన్న ఈగల గుడ్లలో పిండానికి సన్నగా గాయం చేసి, అది ఎలా పూడుకుంటుందో మైక్రోస్కోపులో చూడటమే ఆమె పరిశోధన. ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు పనికి పోయే తల్లి ఉచ్చీరమ్మ కాల్లో ఇనుప పట్టీ గుచ్చుకుందని, షుగర్ వల్ల పుండు మానడం లేదని తెలిసి పరుగున వచ్చింది.

వచ్చినప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. పొద్దున్నే కట్టు విప్పి ఫోటో తీసేది. నిన్నటి దానితో పోల్చేది. పుండు అంచు లోపలికి జరగలేదు.

"ఫోటోలు తీస్తే మానుతాదా? మీ ఈగలకు యా మందేస్తారే?" అంది ఉచ్చీరమ్మ.

"మందేం లేదు మా. పుండు చుట్టూ చర్మం సంచిమూతి తాడు లాగినట్టు బిగుసుకొని మూసుకుంటాది. మచ్చ గూడా ఉండదు."

"మరి నా కాలికేమొచ్చె?"

"అది ఇంకా గుడ్డులో ఉండే పిల్ల. నీది ముదిరిన ఒళ్లు. షుగర్ తగ్గాల, నువ్వు కాలు కింద పెట్టకుండాల."

ఉచ్చీరమ్మ తలూపింది. సుధ మందులకని బజారుకు పోయి వచ్చేసరికి మంచం ఖాళీ. ఆటో ఎక్కి మిల్లుకు పోతే, పత్తి కుప్ప పక్కన తల్లి నిలబడి ఉంది. కట్టంతా నెత్తురు.

"కాలు తీసేస్తే యాడ పని చేస్తావు మా?" అందరి ముందే అరిచింది సుధ. అరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఇంట్లో కూసుంటే గోడలు మీదికొస్తాండాయి. ఏం సేయమంటావు?" అంది తల్లి, మెల్లగా.

ఆ మాట సుధకు తగిలింది. తానూ అంతే కదా, ఊరికే కూర్చోలేని మనిషి.

మర్నాడే తల్లిని ఎమ్మిగనూరు తీసుకుపోయింది. అక్కడ పిన్ని లింగమ్మ మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. అక్కడి డాక్టరు చచ్చిన చర్మం కోసేసి కొత్త కట్టు కట్టాడు. లింగమ్మ అక్కను రాట్నం ముందు కూర్చోబెట్టి, కాలు దిండు మీద చాపించి, చేతికి నూలు ఇచ్చింది. చేతికి పని దొరకగానే కాలు కదలడం మానింది.

వారాలు గడిచాక పుండు అంచున లేత గులాబి రంగు చర్మం కనిపించింది. "మానుతాంది గానీ మచ్చ ఉంటాది," అన్నాడు డాక్టరు.

సుధ తిరుగు రైలెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయింది. బండి కదలగానే ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మ రాట్నం ముందు నుంచి లేసిందా?"

"లేయలేదు మా. నూలు తెగిందని నన్ను తిడతాంది."