జానీమియా పెట్టిన ముక్క

జనగామ స్టేషన్ రోడ్డులో జానీమియా వెల్డింగ్ షాపుకు బోర్డు లేదు. అవసరం పడలేదు. విరిగిన నాగలి కర్రు దగ్గర్నుంచి ట్రాక్టర్ ట్రాలీ దాకా ఏది పట్టుకొచ్చినా, దేవరుప్పుల రైతు నేరుగా ఆ రేకుల షెడ్డు ముందే బండి ఆపేవాడు. అతుకు వేసి, పైన కట్టిన చిట్టెం రాల్చి, గుడ్డతో తుడిచి చూపిస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ నునుపు చూసే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. దాని లోపల ఏముందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

అడిగితే దాచే మనిషి కాదు పాపం. లోపల ముక్క ఉండేది. రెండు ఇనుప పలకల మధ్య సందు వెడల్పుగా ఉన్నప్పుడు రాడ్డు కరిగించి పొర మీద పొరగా నింపుకుంటూ రావాలి. అది గంటల పని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, బయట రైతు ఎడ్లను కూడా విప్పకుండా నిలబడి ఉంటాడు. అందుకని ఒక ఇనుప చువ్వ ముక్క తెంపి సందులో కుక్కి, పైన ఒక పొర పోసేస్తారు. దానికి ముక్క పెట్టుడు అని పేరు. జనగామలో పెట్టేవారు, మానుకోటలో పెట్టేవారు, నర్సింహులపేటలో అయితే రైతే చువ్వ తెచ్చి చేతికిచ్చి జల్దీ కానియ్ అనేవాడు. అది మోసమని ఎవరికీ తోచలేదు. ట్రాలీ మళ్లీ విరిగితే మళ్లీ వస్తారు, అంతే కదా.

జానీమియా పుట్టింది దేవరుప్పులలో, ఎడ్ల కాళ్లకు నాడాలు కొట్టే ఇంట్లో. తండ్రి చచ్చీచెడీ చదివించి వరంగల్‌లో వెల్డింగ్ కోర్సులో చేర్పించాడు. రెండేళ్ల కోర్సు. మొదటి ఏడు ఆకురాయి పట్టడం, కొలతలు తీయడం. అసలు పనంతా రెండో ఏడు. ఆ రెండో ఏడే 1969. ఊళ్లకు ఊళ్లే లేచి తెలంగాణ కావాలని రోడ్డెక్కాయి. జానీమియా కూడా ఎక్కాడు. జనగామ స్టేషన్లో రైలుకు అడ్డం నిలబడి వీపు మీద లాఠీ తిన్నాడు. ఆ దెబ్బ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు లేచేది, లేవాల్సిందే. కానీ స్కూలు తలుపులు మళ్లీ తెరిచేసరికి ఏడాది గడిచిపోయింది. మిగిలిన పాఠాలన్నీ నెల రోజుల్లో నోటితోనే చెప్పేసి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపేశారు. వెడల్పు సందును ఎలా నింపాలో చెయ్యి నేర్చుకోవాల్సిన ఏడాది అలా పోయింది. మళ్లీ దాన్ని తెచ్చిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత మానుకోటలో పాపయ్య అనే ఆయన షాపులో పనికి కుదిరితే, పాపయ్య నేర్పిన మొదటి పాఠం ముక్క. మరో రెండేళ్లకు అదే షాపుకు బయ్యారం దగ్గరి లంబాడీ తండా నుంచి తావుర్యా వచ్చాడు. జానీమియా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని చెయ్యి మీద తన చెయ్యి వేసి నడిపించి పని నేర్పాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా అయిపోయారు. జానీమియా జనగామ వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాక కూడా తావుర్యా నెలకోసారి రైలెక్కి వచ్చి ఆ ఇంట్లో అన్నం తిని పోయేవాడు.

1985లో పేపర్లో ఒక ప్రకటన పడింది. హైదరాబాదులో ఒక కంపెనీకి వెల్డర్లు కావాలి. మూడు నెలలు శిక్షణ, నెగ్గినవాళ్లకు విశాఖపట్నంలో పర్మనెంటు కొలువు, క్వార్టరు. ముప్పై అయిదేళ్లు దాటితే తీసుకోరు. ఏం పనో మాత్రం రాయలేదు. జానీమియాకు అప్పటికి ముప్పై నాలుగు నిండాయి. పదిహేనేళ్లు మంటను చూసి చూసి కళ్లు సాయంత్రానికి ఇసుక పోసినట్టు మండేవి. ఇంకో పదేళ్లు ఈ కళ్లు ఆగవని ఆయనకు తెలుసు, భార్య నఫీసా బేగానికీ తెలుసు. పొమ్మని పోరు పెట్టింది ఆవిడే. భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిల కాంట్రాక్టర్లు వెల్డర్ల కోసం తిరుగుతున్నారు, అక్కడికి పోరాదా అని బావమరిది మక్బూల్ సలహా ఇచ్చాడు. జానీమియా వినలేదు. షాపు మక్బూల్‌కు అప్పజెప్పాడు. మక్బూల్ నలుగురు పిల్లల తండ్రి, అతనికిచ్చిన షాపును వెనక్కి ఎలా అడుగుతాడు? వెళ్తూ వెళ్తూ తావుర్యాను కూడా వెంట తీసుకుపోయాడు. తండాలో అప్పటిదాకా కొలువు చేసినవాడు లేడు, నువ్వే మొదటివాడివి కావాలని బలవంతం చేసి మరీ తీసుకుపోయాడు.

హైదరాబాదు ఊరవతల పెద్ద షెడ్డు. ముప్పై రెండు మంది, ఒక్కొక్కరికి తెర కట్టిన చిన్న గది. శిక్షణ ఇచ్చే అధికారి రామ్మోహన్ నర్సింహులపేట భూస్వాముల ఇంటి బిడ్డ, ఇంజనీరింగ్ చదివినవాడు. జానీమియా అలవాటు కొద్దీ పటేలా అని చేతులు కట్టుకుంటే, ఇక్కడ సార్ అంటే చాలన్నాడు. మనిషి కటువు, మనసు మంచిదే. ఆయనకున్న చిక్కు ఒక్కటే. దేశానికి గీతలు గీసే ఇంజనీర్లు దొరికారు, యంత్రాలు దొరికాయి. లావు ఉక్కును వెంట్రుకంత లోపం లేకుండా అతికే చేతులు దొరకలేదు. బజారు షాపుల నుంచి ఏరి తెచ్చి వాటిని తయారు చేయాలి, గడువు చూస్తే ముంచుకొస్తున్నది.

అక్కడి ఉక్కు వేరు. దానికి ఇచ్చే రాడ్డు వేరు. పొయ్యిలో ఆరబెట్టి వేడి తగ్గకముందే చేతికిచ్చేవారు. నెలకొక పరీక్ష ప్లేటు. అతుకు పైనుంచి ఎంత నునుపుగా ఉన్నా అక్కడ లెక్క లేదు, దవాఖానలో గుండెకు తీసినట్టు దానికి ఎక్స్‌రే తీసేవారు. మూడుసార్లు తప్పితే ఇంటికి పోవాల్సిందే.

మొదటి ఫిలింలోనే జానీమియా దొరికిపోయాడు. అతుకు నడుమ రెండు సన్నని నల్ల గీతలు, మధ్యలో చువ్వ ముక్క. రామ్మోహన్ అందరినీ పిలిచి ఆ ఫిలిం చూపించి, ఇకముందు ముక్క అనే మాట వినపడకూడదన్నాడు. కోస్తా నుంచి వచ్చిన ఒకడు జానీమియా యాస పట్టి, "ముక్క పెట్టిన అన్నా" అని వెక్కిరించాడు. షెడ్డంతా నవ్వింది. తావుర్యా ఒక్కడే నవ్వలేదు. తావుర్యా ప్లేటు పాసైంది. వాడైనా కొత్త పని పట్టుకున్నాడని జానీమియా లోలోపల పొంగిపోయాడు.

నెలంతా పొర మీద పొర పోయడం నేర్చుకున్నాడు. ఉత్త ప్లేట్ల మీద బాగానే వచ్చేది. పరీక్ష రోజు వెడల్పు సందున్న ప్లేటు ముందు కూర్చోగానే ఎడమచెయ్యి దానంతటదే కింద పడి ఉన్న చువ్వను వెతికేది. పదిహేనేళ్ల చెయ్యి అది, మాట వినదు. ఎదురుగా రైతు లేడు, ఎడ్లు లేవు, అయినా ఎవరో తొందరపెడుతున్నట్టే ఉండేది. రెండో ఫిలింలో కూడా గీతలు వచ్చాయి.

ఆ నెల జానీమియా బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. నమాజులో వంగితే నేల మీద నల్ల గీతలు కనిపించేవి. షాపు పోయింది, వయసు పోతున్నది, కళ్లు పోతున్నాయి. మూడోది తప్పితే నఫీసా ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? అడుక్కుంటే రామ్మోహన్ ఇంకొక నెల ఇస్తాడేమోనని ఆఫీసు గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చాడు. నీకు చెయ్యి రాదని ఆయన అనేస్తే తట్టుకోలేననిపించింది.

మూడో పరీక్షలో జానీమియా ముక్క పెట్టాడు. ఈసారి చెయ్యి దానంతటది పెట్టలేదు, బుద్ధి పెట్టించింది. చువ్వను ఆకురాయితో సన్నగా అరగదీశాడు. కరెంటు పెంచాడు. ముక్క అంచులే కాదు, నడుమ కూడా కరిగి అతుకులో కలిసిపోయేదాకా మంటను అక్కడే ఆపాడు. ఫిలిం తెల్లగా, గీత లేకుండా వచ్చింది. పదిహేనేళ్లలో అంత మంచి ముక్క ఆయన ఎప్పుడూ పెట్టలేదు.

పాసైన పందొమ్మిది మందిని రామ్మోహన్ వరసగా నిలబెట్టాడు. అందులో జానీమియా ఉన్నాడు, తావుర్యా ఉన్నాడు. సంతకాలు పెట్టించుకుని, ఇక్కడి మాట బయటికి పోవద్దని చెప్పి, అప్పుడు విషయం విప్పాడు. అణుశక్తితో నడిచే జలాంతర్గామి అన్న మాట ఆయన నోట రాలేదు. చేతులు గుండ్రంగా పట్టి చూపించాడు. "గింత పెద్ద డొల్ల. దాంట్ల మనుషులుంటరు, నెలల తరబడి. చుట్టూత నీళ్లే. మీ అతుకు పోతే పైకొచ్చుడు ఉండదు."

ఆ పూటే జానీమియా ఇంటికి కార్డు రాసేశాడు. పాసైనానని, శుక్రవారం పాసింజరుకు వస్తానని. కార్డు పోస్టు డబ్బాలో పడ్డాక గానీ రామ్మోహన్ మాట ఆయన తలకెక్కలేదు. మామూలు ఇనుప చువ్వ ఆ ఉక్కులో కలిస్తే ఆ చోటు బలహీనపడుతుందని అక్కడే ఒకసారి విన్నాడు. కరిగిపోయిన ముక్క ఫిలింకు కనపడదు. నీళ్లకు మాత్రం తెలుస్తుంది. రెండు రోజులు ఊరుకుందామని చూశాడు. అది పరీక్ష ప్లేటే కదా, అసలు పనిలో పెట్టను కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట మీద ఆయనకే నమ్మకం కుదరలేదు, ఆ చేతి సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు?

మూడోనాడు పొద్దున్నే ఆఫీసులోకి వెళ్లి నిలబడ్డాడు.

"పటేలా, నా ప్లేటుల ముక్కున్నది."

రామ్మోహన్ ఫిలిం తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "దీంట్ల ఏం లేదు గద జానీ."

"దానికి కనబడకుంట పెట్టిన."

రామ్మోహన్ ఫిలిం బల్ల మీద పెట్టాడు. ఎవరికీ తెలిసేది కాదు కదా, ఎందుకు చెప్తున్నావని అడిగాడు.

"నేనతుకేసిన ట్రాలీ ఇరిగితె రైతు దిగి నడిచి పోతడు పటేలా. గాళ్లు యాడికి నడుస్తరు?"

ప్లేటును ప్రెస్సులో పెట్టి వంచితే సరిగ్గా నడుమ పగిలింది. అంతటితో అయిపోతుందనే జానీమియా అనుకున్నాడు. తన ఒక్కడి కొలువు పోతుంది, పోనీ. అంతకుమించి ఆలోచన పోలేదు ఆయనకు, అదే ఆయన చేసిన పొరపాటు. రామ్మోహన్ పగిలిన ముక్కలు చేతిలో పట్టుకుని, పాసైన పందొమ్మిది మంది ప్లేట్లూ తెప్పించమన్నాడు. ఒక్కొక్కటే వంచారు. జానీమియాదితో కలిపి పదకొండు పగిలాయి. అన్నీ చిన్న షాపుల్లో ముక్క నేర్చినవాళ్లవే. మూడో ప్లేటు తావుర్యాది.

ముక్క పెట్టినవాళ్లను మళ్లీ ఏ బ్యాచులోకీ రానివ్వకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. రామ్మోహన్ వాదించాడంటారు. ఆయన మాట చెల్లలేదు. పెట్టెలు సర్దుకుంటున్న గదిలో ఒక్కొక్కడు ఒక్కో మాట అన్నాడు. నీ నీతి నీ కాడ పెట్టుకోక మా కడుపు మీద ఎందుకు కొట్టినవని ఒకడు కాలర్ పట్టుకున్నాడు. జానీమియా విడిపించుకోలేదు. తావుర్యా వచ్చి వాణ్ని లాగేశాడు, లాగేసి తన పెట్టె దగ్గరికి తాను వెళ్లిపోయాడు.

శుక్రవారం పాసింజరులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆలేరులో రైలు ఆగినప్పుడు తావుర్యా నోరు తెరిచాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"నేను మోసం జేస్తున్న అనుకోలే అన్నా. సారు ముక్కొద్దంటె, ముక్క మిగలొద్దని అనుకున్న. మొత్తం కరగబెడితెనే కొత్త పని అనుకున్న. ముక్క పెట్టకుంట అతుకుడు ఉంటదని నాకు తెల్వదు."

అతను మొదటి నెల నుంచీ అదే చేస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న గురువుకు ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. జానీమియాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా హక్కు లేదనిపించి కిటికీ వైపు తిరిగాడు. రాడ్డు పట్టడం రాని మనిషి చెయ్యి పట్టుకుని తాను దిద్దించింది ఇదా అని, రైలు చక్రాల చప్పుడంతసేపూ ఆ ఒక్క మాటే లోపల తిరిగింది.

జనగామ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద నఫీసా బేగం నిలబడి ఉంది. పక్కన మక్బూల్, పిల్లలందరూ ఉతికిన బట్టల్లో. కార్డు అందినట్టుంది. జానీమియా లేచి నిలబడి, పెట్టె అందుకుని, మళ్లీ కింద పెట్టేసి కూర్చున్నాడు. నఫీసా రైలు డబ్బాలు చూసుకుంటూ వచ్చి కిటికీ ఊచ పట్టుకుంది. దిగమంది. రేపొస్తానని, ముందు తావుర్యా తండాకు పోవాలని ఆయన చెప్పాడు. ఆవిడకు అర్థం కాలేదు, నవ్వు మాత్రం ఆగిపోయింది.

"నువ్వెందుకొస్తున్నవ్ అన్నా, దిగు," అన్నాడు తావుర్యా.

"మీ అవ్వకు నేనే చెప్త. తప్పు నీది గాదని."

"మరెవరిదని చెప్తవ్?"

"నాదని," అన్నాడు జానీమియా.

కిటికీ అవతల నఫీసా ఆ మాట విన్నది. ఏది నీది అని ఆవిడ అడిగేలోపు రైలు కదిలింది.