తెలిసీ చెప్పని మాట

కామ్‌రేజ్ నుంచి సూరత్ వచ్చే బస్సులో ఒకాయన భయపడి ఆసుపత్రికి పోలేదని ఇన్నాళ్లూ ఇంట్లో చెబుతూ వచ్చాను. అది సగం నిజం.

అవి కరోనా రోజులు. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటులోని మరమగ్గం కార్మికుడు దగ్గుతూనే ఆసుపత్రి చీటీ చూపించాడు.

“సార్, ఊపిరితిత్తుల వాపు ఎందుకొచ్చిందో చూడనీకి ముక్కుల నుంచి గొట్టం ఏస్తరంట. కోస్తరా? మా ఆమె అయితే ఉన్న ఊపిరి గుడ గుంజుకుంటరంటది.”

కోయరు. కాసేపు ఉక్కిరిబిక్కిరి అవుతుంది, అంతే. ఆ పరీక్ష అంతకు నెల ముందే నాకూ చేశారు. కానీ అతని దగ్గుకు జడిసి, “నాకేం తెలియదు, దూరంగా కూర్చోండి” అన్నాను.

“తప్పయింది సార్,” అంటూ తను పట్టుకున్న కడ్డీని రుమాలుతో తుడిచి, వెనక సీటుకు వెళ్లాడు.

ఆసుపత్రి స్టాపు వచ్చిందని కండక్టర్ రెండుసార్లు అరిచాడు. అతను దిగలేదు. నేను దిగేదాకా వెనక నుంచి ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది.