యాభైలో ముప్పైనాలుగు తెలుపు

ఆ పిల్ల దొంగలెక్క రాయలేదు. ఈ మాట ఆనాడే క్లాసులో చెప్పాల్సినవాణ్ణి నేను.

2008లో మునగాల దగ్గరి ఒక ఊరి బడిలో లెక్కల సారును. సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లేవాణ్ణి, తరచూ ఆలస్యంగా. ఒకసారి తల్లిదండ్రుల మీటింగులో గొర్రెలు కాసుకునే ఒకతను లేచి, "సారు వొచ్చేసరికి మా గొర్లు సగం మేసి పండుకుంటయి" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, హెడ్మాస్టరుతో సహా. ఆ నవ్వు నన్ను నెలల తరబడి కాల్చింది. అతని కూతురు నా ఎనిమిదో తరగతిలోనే ఉంది. లెక్కల్లో అందరికన్నా ముందుండేది.

సంభావ్యత పాఠానికి అష్టాచెమ్మా ఆడే చింతగింజలు తీసుకున్నాను. వాటిని బండమీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తారు. "రెండు వైపులున్నయి కాబట్టి లెక్క ప్రకారం తెలుపు పడే అవకాశం సగం. ఇంటికాడ యాభైసార్లు ఏసి, నిజంగ ఎన్ని పడ్డయో రాసుకరాండ్రి" అన్నాను.

మర్నాడు అందరి పుస్తకాల్లో ఇరవైనాలుగు, ఇరవైఐదు, ఇరవైఆరు. గింజ ముట్టకుండానే రాసేశారని తెలుస్తూనే ఉంది. ఆమె పుస్తకంలో మాత్రం ముప్పైనాలుగు.

దొరికింది అనుకున్నాను.

"ఎవరిని మోసం చేద్దామని?"

"నిజంగనే ఏసిన సార్. పడ్డప్పుడల్లా గీత గీసిన. మీరే ఏసి సూడుండ్రి."

"మీ నాయన గొర్లను గూడ గిట్లనే లెక్కవెడ్తడా?"

క్లాసంతా నవ్వింది. అంతటితో ఆగలేదు. ఆమె గింజ లాక్కున్నాను. కోదాడలో జరిగే లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపాలి. ఆ ఒక్కరు ఆమె కాదని అక్కడే చెప్పేశాను.

సాయంత్రం ఇంట్లో ఆ గింజనే యాభైసార్లు వేశాను. తెలుపు ముప్పైమూడు. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు; రెండూ సమానంగా ఎందుకు పడతాయి? తప్పు నా సగంలో ఉంది. అది తెలిసి కూడా, మర్నాడు పోటీకి వేరే పేరు పంపాను.

రెండు రోజులకు తండ్రి వచ్చాడు. గొడవకేనని నోరు సిద్ధం చేసుకున్నాను. అతను కూతుర్ని ముందుకు నెట్టి, తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"దొంగలెక్క రాసిందట. మాఫ్ చెయ్యుండ్రి సారూ. పోటీకి పంపకున్నా సరే, బళ్లె దొంగ అనకుండ్రి."

"నేను నిజమే రాసిన బాపూ."

"నోరు ముయ్యే!"

ఆమె నావైపే చూస్తోంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. "సరే, ఈసారికి మాఫ్ చేసిన" అన్నాను. అతను వంగి దండం పెట్టాడు. నా కడుపుమంట చల్లారింది. చల్లారలేదని రాస్తే అది ఇంకో దొంగలెక్క అవుతుంది.