ఎడమ భుజం మీది జెండా

బెల్లంపల్లిలో మా పక్క క్వార్టర్‌లో ఉండే మిలిటరీ తాత, ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో పనిచేసినప్పటి చొక్కాను జెండా పండుగలకే తొడిగేవాడు. ఉతికే ముందు ఎడమ భుజం మీది జెండా గుడ్డను బ్లేడుతో కుట్లు కోసి తీసేవాడు.

"జెండను బండకేసి కొడ్తరా బిడ్డా?" అనేవాడు.

చొక్కా ఆరాక భార్య మళ్లీ కుట్టేది. ఆమె చనిపోయాక తనే కుట్టుకున్నాడు.

ఆ పంద్రాగస్టు నాడు, జెండా ఎగరేసే ముందు మెల్లగా చెప్పాను. "తాతా, ఆకుపచ్చ మీదికైంది."

భుజం వైపు చూడలేదాయన. కుడిచేత్తో దాన్ని గట్టిగా మూసుకున్నాడు. గీతం అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. అందరూ సెల్యూట్ చేశారు, ఆయన తప్ప.

ఇంటికొచ్చాక చొక్కా, సూది నా చేతిలో పెట్టాడు.

"కాషాయం మీదికుండాలె అని ఆమెకు ప్రతిసారి చెప్పెటోన్ని," అన్నాడు. "గీసారి చెప్పెటందుకు ఎవ్వలు లేకుండె."