బోరక్క బి.ఎస్సీ.

కాలేజీలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరు తీసుకునే లెక్చరరు కూడా రెండో నెలకల్లా "బోరక్క వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. బోరు బండి యజమాని భార్య కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆమె ఉన్నచోట ఎవరికీ బోరు కొట్టదు కాబట్టి నిలిచింది.

నలభై ఒకటో ఏట ఆమె జియాలజీలో చేరడానికి కారణం వాళ్ళ బావగారు, అంటే భర్తకు అన్నగారు. చేతిలో పంగలకర్ర పట్టుకుని నీళ్ళ జాడ కోసం నేలమీద అటూ ఇటూ నడిచి, అది వంగినచోట "ఇక్కడ దించండి" అనడం ఆయన వృత్తి. దించడం తమ్ముడి వృత్తి. బోరు దిగుతున్నంతసేపూ పక్కన నిలబడి, పదేసి అడుగులకు పైకొచ్చే రాతిపొడిని అరచేతిలో నలిపి చూసి నోటుబుక్కులో రాసుకోవడం బోరక్క పని. పదిహేనేళ్ళు అలా నలిపిన చెయ్యి అది.

ఒకరోజు ఒక ఇంటి పెరట్లో తొంభై అడుగుల దగ్గర పొడి నల్లగా రావడం మొదలైంది.

"ఆపేయండి. ఇది నల్లరాయి, చుక్క కూడా ఇవ్వదు" అంది.

ఇంటివాళ్ళందరి ముందూ బావగారు నవ్వేశారు. "రాళ్ళ సంగతి నీకేం తెలుసమ్మా? ఏ కాలేజీలో చదివావు?"

మూడు వందల అడుగులు దించారు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ దుమ్ము దులుపుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు గానీ, ఆ ప్రశ్న మాత్రం బోరక్క వెంటే ఇంటికొచ్చింది. పెళ్ళికి ముందు ఇంటర్ పాసైన కాగితం ట్రంకుపెట్టె అడుగున ఉంది. మర్నాడే బయటికి తీసింది.

ఆమె భర్త ఇరవయ్యేళ్ళు కంప్రెసరు హోరులో నిలబడ్డ మనిషి. ఆయన చెవులు తమకు నచ్చినదే వినేవి. "కాలేజీలో చేరుతున్నాను" అంటే "సరే, గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు. దాన్నే ఆమె అనుమతి కింద జమకట్టుకుంది.

లెక్చరరు ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. మొదటి ప్రాక్టికల్లో బల్లమీద రెండు బూడిదరంగు రాళ్ళు పెట్టాడు.

"చూడ్డానికి రెండూ ఒకటే. చిన్న పెచ్చు పంటి కింద పెట్టి చూడండి. గరగరలాడితే అందులో సన్న ఇసుక ఉన్నట్టు. మెత్తగా జారిపోతే ఒట్టి బంకమట్టి రాయి."

ఎవరూ కదల్లేదు. వెనక బెంచీ నుంచి బోరక్క లేచింది. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు. మీరేమో ఏ రాయో తెలుసుకోడానికే పళ్ళంటున్నారు. పోయినవాటికి కాలేజీ కొత్తవి కట్టిస్తుందా సార్?"

గది గొల్లుమంది. లెక్చరరు కూడా ఆపుకోలేకపోయాడు. ముందుగా పంటి కింద పెట్టింది మాత్రం ఆమే. "గరగర" అని ప్రకటించింది. జవాబు సరిపోయింది.

ఇంట్లో పప్పుల డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యి రాళ్ళతో నిండాయి. కందిపప్పు డబ్బా తెరిచిన భర్త కళ్ళముందు అభ్రకం తళుక్కుమంది. "అందరిళ్ళలో రాళ్ళు ఏరి పారేస్తారు, మనింట్లో ఏరి దాస్తున్నారు" అని గొణిగి, మూత పెట్టేశాడు. పంటి కింద పెట్టే రాళ్ళు ఆమెకు లొంగాయి గానీ, చెక్కతో చేసిన స్ఫటికాల నమూనాలు మాత్రం ఎంతకీ కొరుకుడుపడలేదు. ఆ పేపరు రెండుసార్లు పోయింది.

రెండో ఏడు ఎండల్లో కాలేజీ హాస్టల్లో నీళ్ళు అడుగంటాయి. ప్రిన్సిపాల్ బోరు బండికి కబురు పెట్టాడు. బండి వస్తే ముందు కర్ర రావాలి కదా, బావగారు వచ్చారు. అప్పటికి నెలరోజులుగా బోరక్క అదే కాలేజీ ఆవరణకు రాళ్ళ పటం గీస్తోంది. చదువులో భాగంగా ఇచ్చిన పని అది. నీరు పడుతుందనుకున్న చోట పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టుకుంది. కానీ ముందు బావగారి సరదా తీర్చాలనుకుంది.

"బావగారూ, ఎండ మండిపోతోంది. కళ్ళకు తడిగుడ్డ కట్టుకుని నడిస్తే కర్రమీద గురి ఇంకా బాగా కుదురుతుందట" అంది, ముఖంలో ఎక్కడా నవ్వు కనబడనీయకుండా. ప్రిన్సిపాల్ వింటున్నాడు, విద్యార్థులు మూగారు. ఆయన కాదనలేకపోయారు. గుడ్డ ఆమే కట్టింది, రెండు ముళ్ళు వేసి మరీ.

కర్ర మొదట బ్యాడ్మింటన్ కోర్టు సిమెంటు మీద వంగింది. తర్వాత గ్రంథాలయం మెట్ల దగ్గర వంగింది. మూడోసారి ప్రిన్సిపాల్ కారు బానెట్‌కు తగిలి ఠంగుమంది. పిల్లలు వంగినచోటల్లా సుద్దముక్కతో గుండ్రాలు గీశారు. బావగారు విసురుగా గుడ్డ లాగేసి, చుట్టూ ఒకసారి చూసి, ఆటస్థలం దాటి ప్రహరీగోడ దాకా విసవిసా నడిచారు. అక్కడ కర్ర వంగింది.

బోరక్క నవ్వు ఆగిపోయింది. అది సరిగ్గా తన పెన్సిల్ గుర్తు ఉన్న చోటు.

జనం చెదిరాక ఆయన దగ్గరికి వెళ్ళింది. "కళ్ళు మూస్తే కర్రకు కనబడదేం బావగారూ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "కర్రకు కళ్ళెక్కడివమ్మా? చూసేది నేను."

నేలలోంచి అక్కడక్కడ తేలి, వరసగా గోడవైపు సాగిన నల్లరాళ్ళు చూపించారు. "ఇది నేల లోపలి గోడ. పైనుంచి జారే నీళ్ళు దీనికి ఇవతలే నిలుస్తాయి. ఇటు చెట్లు చూడు, పచ్చగా ఉన్నాయి. అటువైపువి మాడిపోయాయి."

"దాన్ని డైక్ అంటారు."

"దానికి పేరు కూడా ఉందా!" ఆయన ముఖం వెలిగిపోయింది.

"మరి కర్ర ఎందుకు?"

"చెట్టు పచ్చగా ఉంది కాబట్టి తవ్వండి అంటే, 'అది మాకూ కనబడుతోందిలే' అంటారు. కర్ర వంగితే నోరు తెరుస్తారు." గొంతు తగ్గించారు. "ఆ రోజు పెరట్లో నువ్వన్నదే నిజం. ఇంటాయన ఆ మూలే కావాలని పట్టుబట్టాడు. నలుగురిలో ఒప్పుకోలేక నీమీద విరుచుకుపడ్డాను."

ఆమెకు రెండేళ్ళుగా కూడబెట్టుకున్న కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. చివరికి బేరం పెట్టింది. కర్ర గుట్టు తను బయటపెట్టదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం తనను వెంట తిప్పి, తెలిసిందంతా చూపించాలి.

"పేర్లు నువ్వు చెబుతావా?" అని అడిగారాయన.

"చెబుతాను."

అలా ఆయనకు అరవయ్యో ఏట డోలరైటు అనే ఆ నల్లరాయి, ఫెల్‌స్పార్ అనే ఖనిజం పరిచయమయ్యాయి. మొదటిదాన్ని ఆయన "డోలు రైటు" అనేవారు. మరుసటి ఏడాది లెక్చరరే ఆయన్ను బతిమాలి విద్యార్థుల వెంట గుట్టలకు తీసుకెళ్ళాడు. బోరక్క మూడో ప్రయత్నంలో స్ఫటికాల పేపరు గట్టెక్కి, సెకండ్ క్లాసులో పాసై, ఇప్పుడు భూగర్భ జలాలు చూసి చెప్పే పని చేస్తోంది.

కాలేజీ బోరు సంగతికొస్తే, నీళ్ళు నూట యాభై అడుగుల్లో పడతాయని ఆమె ముందే చెప్పింది. పడింది నూట డెబ్బైలో. హాస్టల్‌కు సరిపోయాయి. కానీ ఆ ఇరవై అడుగులకు బావగారు ఇప్పటికీ ఆమెను ఏడిపిస్తూనే ఉన్నారు.